కబడ్డీ, తిరనాళ్ళు, మనుషుల ఫోటోలు: చిన్న ఊళ్ళో కిట్ లెన్సు తర్వాత ఏది కొనాలి?

సంక్రాంతి దగ్గర పడుతోందంటే నాకు ఈ ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, కెమెరా బాడీ ఉంది, దాంతోపాటు వచ్చిన 18-55 కిట్ లెన్సు ఉంది. మా ఊళ్ళో కబడ్డీ టోర్నమెంటు పెడుతున్నారు, ఫోటోలు నన్నే తీయమన్నారు. ఇంకో లెన్సు కొనాలి, ఏది కొనమంటావు?" స్టూడియోలో పని నేర్చుకుంటున్న కుర్రాళ్ళు, పేపరుకు వార్తలు పంపే విలేకరులు, హైస్కూలు పీఈటీ మాస్టార్లు, అందరిదీ ఇదే ప్రశ్న. చాలామంది అప్పటికే వీడియోలు చూసి 70-200 మీద మనసు పడి ఉంటారు (ఈ అంకెలు లెన్సు ఎంఎంలు, పెరిగేకొద్దీ దూరంలోవి దగ్గరగా కనిపిస్తాయి). అప్పు తెచ్చైనా కొంటామంటారు.

వాళ్ళకు నేను ముందు అడిగేది ఒక్కటే: నిన్ను కోర్టుకు ఎంత దగ్గరగా రానిస్తారు? పెద్ద స్టేడియాల్లో ఫోటోగ్రాఫర్లను ప్రకటనల బోర్డుల వెనక కూర్చోబెడతారు, అక్కడ పొడుగు లెన్సు లేకపోతే పని జరగదు. మన హైస్కూలు గ్రౌండులో కమిటీ వాళ్ళే తాడు పైకెత్తి "లోపలికొచ్చి తీయి తమ్ముడూ" అంటారు. ఆ చనువు లక్ష రూపాయలు పోసినా దొరకదు. మనకు కరువు వెలుతురుకే. అందుకే నా సలహా చాలాసార్లు అడిగినవాళ్ళు అనుకున్నదానికి అడ్డంగా ఉంటుంది.

## ముందు తేల్చుకోవలసినవి

నిలబడే చోటు. మగవాళ్ళ కబడ్డీ కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. ఆడపిల్లలది 12, 8. మధ్య గీతకు తిన్నగా, పక్క గీతకు రెండు మీటర్లు ఇవతల కూర్చుంటే కూతకు వెళ్ళిన ఆటగాడు మీకు ఆరేడు మీటర్లలో ఉంటాడు. మన చేతుల్లో ఎక్కువగా ఉండేవి క్రాప్ సెన్సార్ బాడీలు, అంటే చిన్న సెన్సారు ఉన్నవి. వాటిమీద 50 ఎంఎం లెన్సుకు ఆరు మీటర్ల దూరంలో దాదాపు 2.8 మీటర్ల వెడల్పు, 1.9 మీటర్ల ఎత్తు పడుతుంది. అంటే ఒక మనిషి నిలువునా, చేతులు చాచినా సరిపోతాడు. అదే ఫ్రేము 85తో కావాలంటే పది మీటర్ల వెనక్కి, 200తో కావాలంటే పాతిక మీటర్ల వెనక్కి వెళ్ళాలి. పాతిక మీటర్ల వెనక్కి వెళితే మీకూ కోర్టుకూ మధ్య ఊరు ఊరంతా నిలబడి ఉంటుంది.

క్రికెట్ లెక్క వేరు. బౌండరీ తాడు దగ్గర నుంచి వికెట్లు 50, 60 మీటర్లు. అక్కడ 50 ఎంఎం పెడితే బ్యాటర్ అగ్గిపుల్లంత కనిపిస్తాడు.

వెలుతురు. మన దగ్గర కబడ్డీ మ్యాచీలు ఎక్కువగా రాత్రిపూటే. నాలుగు మూలలా స్తంభాలు పాతి ఫ్లడ్ లైట్లు కడతారు. కింద నిలబడితే పట్టపగల్లా ఉంటుంది కానీ కెమెరాకు అది మసక వెలుతురే. మనిషి కదలిక ఆగాలంటే షట్టరు 1/500 సెకను అయినా ఉండాలి. ఎఫ్ అంకె తగ్గేకొద్దీ లెన్సు ఎక్కువ వెలుతురును లోపలికి రానిస్తుంది. ఐఎస్ఓ పెంచేకొద్దీ తక్కువ వెలుతురులోనూ ఫోటో పడుతుంది కానీ గ్రెయిన్, అంటే చుక్కల గరుకు, పెరుగుతుంది. ఒక మామూలు రాత్రి లెక్క చెబుతాను. ఎఫ్ 1.8 దగ్గర ఐఎస్ఓ 3200తో సరిపోయిన వెలుతురుకు ఎఫ్ 2.8 దగ్గర 8000 దాకా పెంచాలి. ఎఫ్ 5.6 దగ్గరయితే 32000 దగ్గరకు పోతుంది. కిట్ లెన్సును 55 దాకా జూమ్ చేస్తే ఉండేది ఆ 5.6 దగ్గరే. నిరుడు ఫోటోలన్నీ ఎందుకు మసకబారాయో చాలామందికి ఈ లెక్కలో జవాబు దొరుకుతుంది.

ఇంకో సంగతి. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి ట్యూబులైట్లు, చవకరకం ఎల్ఈడీలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. కంటికి తెలియదు. 1/500లో తీస్తే ఒక ఫోటో వెలుగ్గా, పక్కది చీకటిగా, ఇంకోదానిలో నారింజ రంగు పట్టీ వస్తాయి. ఇది లెన్సు లోపం అనుకుని మార్చేసినవాళ్ళు ఉన్నారు. మీ బాడీలో యాంటీ ఫ్లికర్ ఉంటే ఆన్ చేయండి. లేకపోతే ఒక్కటి తీసి ఊరుకోకుండా వరసగా నాలుగైదు తీయండి. మిర్రర్‌లెస్ వాళ్ళు సైలెంట్ షట్టరు ఆపి మెకానికల్ షట్టరు వాడాలి.

ఫోటో చివరికి చేరే చోటు. పేపరు జిల్లా పేజీలో రెండు కాలమ్‌ల ఫోటోకు గ్రెయిన్ కనపడదు, కదిలిపోయిన మొహం మాత్రం కనపడుతుంది. వాట్సాప్ స్టేటస్‌కూ అంతే. 12×36 ఆల్బమ్ షీటులో సగం, అంటే 12×18 అంగుళాల పేజీ, 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) 5400×3600 పిక్సెళ్ళు. 24 మెగాపిక్సెళ్ళ ఫోటో 6000×4000, కత్తిరించకుండా వాడితే సరిపోతుంది. అదే ఫోటోను నిలువునా అడ్డంగా సగానికి కత్తిరించినా పది అంగుళాల ప్రింటు బాగానే వస్తుంది. అంటే పేపరుకూ చిన్న ప్రింటుకూ మీ 50 ఎంఎం, కత్తిరింపుతో కలిపి, 100 ఎంఎం పని చేసిపెడుతుంది.

## ఒక్క చూపులో

| లెన్సు | రాత్రి కబడ్డీ | క్రికెట్, ఎడ్ల పందేలు | తిరనాళ్ళ, ఫంక్షన్లు | మనిషి ఫోటో | కొత్తదాని ధర |
|---|---|---|---|---|---|
| 18-55 కిట్ | కష్టం | చాలదు | పగలు బాగుంటుంది | ఫరవాలేదు | మీ దగ్గరే ఉంది |
| 50 ఎఫ్ 1.8 | చాలా బాగుంటుంది | చాలదు | రాత్రిపూట అక్కరకొస్తుంది | బాగుంటుంది | అన్నిటికన్నా తక్కువ, సుమారు 10 నుంచి 20 వేలు |
| 85 ఎఫ్ 1.8 | బాగుంటుంది | కొంతవరకు | ఇరుకులో కష్టం | అన్నిటికన్నా బాగుంటుంది | 50కి రెండు మూడింతలు |
| 17-50 ఎఫ్ 2.8 | ఫరవాలేదు | చాలదు | అన్నిటికన్నా వీలు | బాగుంటుంది | మధ్యరకం |
| 55-250 ఎఫ్ 4-5.6 | పనికిరాదు | పగలు బాగుంటుంది | కొంతవరకు | పగలు బాగుంటుంది | తక్కువే |
| 70-200 ఎఫ్ 2.8 | బాగుంటుంది | చాలా బాగుంటుంది | స్టేజీకి బాగుంటుంది | చాలా బాగుంటుంది | చాలా బాడీలకన్నా ఎక్కువ |

## 50 ఎఫ్ 1.8: మొదటి కొనుగోలు

కెనాన్ ఈఎఫ్ రకం 160 గ్రాములు. జేబులో పడేసుకోవచ్చు. చవకదని చిన్నచూపు చూసేవాళ్ళు చాలామంది. నేను మాత్రం ఊళ్ళో కబడ్డీకి ఇంతకన్నా మంచి లెన్సు చూడలేదు.

ఎందుకో ఒక ఫోటో చెబుతుంది. సెమీఫైనల్లో ఒక కుర్రాడు బోనస్ గీత దాటించి కాలు పెట్టి వెనక్కి తిరుగుతున్నాడు. మూలనున్నవాడు ముందుకు దూకి చీలమండ పట్టేశాడు. నేను నేలమీద మోకాలు వేసుకుని ఉన్నాను, మా మధ్య నాలుగు మీటర్లు. ఫోటోలో ఆ కుర్రాడి మోచేతికి సున్నం గీత అంటుకుని ఉంది. ఒంటిమీద మట్టి చెమటకు తడిసి నల్లగా అట్ట కట్టింది. పడిపోతున్నా నోరు ఇంకా తెరుచుకునే ఉంది, కూత ఆపలేదు. వెనక తాటాకు పందిరి కింద కూర్చున్న పెద్దాయన తనకు తెలియకుండానే లేచి నిలబడ్డాడు. ఆటగాడి దగ్గరా, ఊరి మధ్యా ఉండి తీసిన ఫోటో అది. పాతిక మీటర్ల నుంచి తీస్తే వెనక ఉన్నవాళ్ళందరూ రంగు మరకలైపోయేవాళ్ళు.

ఇబ్బందులూ ఉన్నాయి. ఆటగాడు మీ వైపు లాబీలోకి వస్తే రెండు మీటర్లలోకి వచ్చేస్తాడు, కాళ్ళు ఫ్రేములో పట్టవు. అప్పుడు కాళ్ళ సంగతి వదిలేసి మొహం పట్టుకోవాలి. చవక 50ల ఆటోఫోకస్ మసక వెలుతురులో తడుముకుంటుంది. మధ్య పాయింటు ఒక్కటే పెట్టుకుని, కూతకు వచ్చేవాడు మధ్య గీత దాటకముందే అతని మీద ఫోకస్ పట్టి ఉంచండి. ఎఫ్ 1.8లో ఆరు మీటర్ల దగ్గర స్పష్టంగా ఉండే లోతు సుమారు ఒక మీటరు. రైడరు స్పష్టంగా ఉంటే పట్టేవాడు మసకగా రావచ్చు, వెలుతురు కాస్త బాగుంటే 2.2కి తెచ్చుకోండి.

గీతకు రెండు మీటర్ల ఇవతలే ఉండండి. లోపల ఉన్నవాళ్ళు ఏడుగురు కలిసి మీదపడితే లెన్సు సంగతి అటుంచి వాళ్ళ కాళ్ళకే దెబ్బ తగులుతుంది. బ్యాగు గీత పక్కన పెట్టొద్దు. మనం దగ్గరికి వెళ్ళగలగడం ఆటగాళ్ళు మనమీద పెట్టిన నమ్మకం.

## 85 ఎఫ్ 1.8: మనుషుల మొహాల కోసం

పోర్ట్రెయిట్ అనగానే మనకు పెళ్ళిచూపుల ఫోటోలు, ఓణీల ఫంక్షన్లు గుర్తొస్తాయి. నేను ఇంకొకళ్ళ గురించి చెప్పాలి. ఇంట్లో పెద్దవాళ్ళు పోయాక దినానికి ఫ్లెక్సీ వేయించడానికి మా దగ్గరకు వస్తారు. ఏం ఫోటో ఉందని అడిగితే ఆధార్ కార్డు తీసి బల్ల మీద పెడతారు. లేదా ఏదో పెళ్ళి గ్రూపు ఫోటోలో మూడో వరసలో గోరంత మొహం. ఎనభై ఏళ్ళు బతికిన మనిషికి దండ వేయడానికి ఒక్క మంచి ఫోటో లేదు. అప్పట్నుంచీ ఏ ఫంక్షన్‌కు వెళ్ళినా ఆ ఇంటి ముసలివాళ్ళను వసారాలో కూర్చోబెట్టి పది నిమిషాలు వాళ్ళకే ఇస్తాను. ఒక అవ్వ కొంగు సర్దుకుని, ముక్కుపుడక సరిగ్గా కనపడుతోందా అని మనవరాలిని అడిగి, తర్వాత నా వైపు చూసింది. ఆ చూపు 85లో ఉన్నట్టు ఇంకే లెన్సులోనూ నాకు పడలేదు. మొహం సాగదు, ముక్కు పెద్దది కాదు, రెండు మీటర్ల దూరంలో ఉంటాం కాబట్టి మనిషికి బెరుకుండదు.

రెండు మీటర్ల దగ్గర ఎఫ్ 1.8లో స్పష్టంగా ఉండేది నాలుగు సెంటీమీటర్లే. కన్ను బాగుంటే చెవి మసక. ఒక్కరికి 2.8, ఇద్దరుంటే 4, కుటుంబమంతా ఉంటే 5.6 పెట్టండి.

ఒక లోపం ముందే తెలియాలి. క్రాప్ బాడీ మీద 85తో నిలువెత్తు ఫోటో తీయాలంటే ఏడు మీటర్లు వెనక్కి వెళ్ళాలి. మన స్టూడియో గదులు పది పన్నెండు అడుగులకు మించవు, గోడకు ఆనుకున్నా నడుము దాకానే వస్తుంది. గదిలో పని ఎక్కువయితే 50 మేలు. వసారాలు, పొలాలు, గుడి మండపాల్లో తీసేవాళ్ళకు 85 సరైనది. కబడ్డీలో దీన్ని పక్క గీత దగ్గర కాకుండా కోర్టు చివర వెనక వాడండి. రైడరు నేరుగా మీ వైపే వస్తాడు, కళ్ళు దొరుకుతాయి.

## 70-200 ఎఫ్ 2.8: కొనాలా, అద్దెకా?

మంచి లెన్సు అనడంలో నాకు సందేహం లేదు. ఫోకస్ చకచకా పడుతుంది, 2.8 చివరిదాకా ఉంటుంది. కళ్యాణమండపంలో వీడియో వాళ్ళ వెనక ఇరుక్కున్నప్పుడు జీలకర్ర బెల్లం ఘట్టం దీనితోనే దక్కుతుంది. పగలు క్రికెట్, ఆగస్టు 15 పెరేడు, మైదానంలో పరుగు పందేలు, అన్నిటికీ పనికొస్తుంది.

బరువు మాత్రం చాలా రకాలు కిలోన్నర. అయిదు గంటల టోర్నమెంటు తర్వాత మణికట్టు చెబుతుంది ఆ సంగతి. ధర చాలావాటికి లక్ష దాటుతుంది. చిన్న ఊళ్ళో ఏడాదికి ఆ లెన్సు నిజంగా అవసరమయ్యే రోజులు లెక్కపెట్టండి. ఇరవైకి లోపే అయితే అద్దెకు తెచ్చుకోవడం నయం. గుంటూరు, విజయవాడల్లో రోజు అద్దెకు లెన్సులు ఇస్తారు. ఫైనల్స్ ముందు రోజు తెచ్చుకుని, మీ బాడీ మీద ఒక సాయంత్రం అలవాటు చేసుకుని వెళ్ళండి. పెళ్ళి సీజన్లో నెలకు ఎనిమిది పది ముహూర్తాలు చేసే స్టూడియో అయితే కొనేయండి, ఆ ఖర్చు తిరిగొస్తుంది. కబడ్డీ పేరు చెప్పి మాత్రం దీనికోసం అప్పు చేయొద్దు.

## 55-250: ఎండలో మంచి నేస్తం

రాత్రికి పనికిరాదు, పగలు మాత్రం దీన్ని తక్కువ చేయడానికి లేదు. మంచి ఎండలో ఎఫ్ 5.6, 1/1000కు ఐఎస్ఓ 100 చాలు. 60 మీటర్ల దూరంలో 250 దగ్గర అయిదున్నర మీటర్ల వెడల్పు వస్తుంది, బ్యాటరూ కీపరూ కలిసి పడతారు.

దీని అసలు చోటు ఎడ్ల బండలాగుడు పోటీలు. పళ్ళను బట్టి వయసు లెక్కగట్టి విడగొట్టిన రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళ విభాగాలు దాటి సీనియర్స్ విభాగానికి వచ్చేసరికి ఆ ఒంగోలు గిత్తల బలానికి నేల అదురుతుంది. అక్కడ దగ్గరికి వెళ్ళే చనువు వాడుకోకూడదు. బెదిరిన గిత్త తాడును లెక్కచేయదు. తాడు వెనక నుంచి, గిత్తలు లాగే దారికి పక్కగా నిలబడి తీయండి. మోపురం వంగి, ముందు కాళ్ళు మడమ దాకా మట్టిలో దిగే క్షణం బండ కదిలే ముందు వస్తుంది, కదిలాక కాదు. దుమ్ములో లెన్సు మార్చొద్దు. సెన్సారు మీద పడితే ఆ రోజు ఫోటోలన్నిటి ఆకాశంలోనూ చుక్కలే.

## 17-50 ఎఫ్ 2.8, మీ పాత 18-55

టామ్రాన్, సిగ్మా 17-50లు బారసాల నుంచి గృహప్రవేశం దాకా ఇరుకు ఇళ్ళలో చక్కగా పనిచేస్తాయి. ఒకే లెన్సు పెట్టుకుని రోజంతా తిరిగేవాళ్ళకు మంచివి.

కోటప్పకొండ తిరనాళ్ళకు మాత్రం మీ 18-55 చాలు. శివరాత్రికి చిలకలూరిపేట, నరసరావుపేట చుట్టుపక్కల పల్లెల నుంచి కదిలే ప్రభలు (బల్బులతో అలంకరించి ఊరేగించే ఎత్తయిన కట్టడాలు) ఎనభై తొంభై అడుగుల ఎత్తుంటాయి. కెమెరా నిలువుగా పట్టుకుంటే 18 దగ్గర తొంభై అడుగుల ప్రభ మొత్తం 21 మీటర్ల నుంచి పడుతుంది. 50తో అదే ప్రభకు 57 మీటర్లు వెనక్కి వెళ్ళాలి, ఆ జనంలో ఎక్కడికి వెళతారు? చీకటి పడీపడని వేళ, ఆకాశంలో నీలం మిగిలి ఉన్నప్పుడే బల్బులు వెలిగిన ప్రభను తీయండి. పూర్తిగా చీకటయితే బల్బులు తప్ప ప్రభ ఆకారం మిగలదు. ఫోను కూడా ఈ పనికి బాగానే సరిపోతుంది.

## ఎవరికి ఏది

పేపరుకు ఫోటోలు పంపే విలేకరి అయితే 50 ఎఫ్ 1.8, డబ్బు మిగిలితే 55-250. రెండూ కలిపినా మంచి 85 ఒక్కదాని ధర దరిదాపుల్లోనే ఉంటాయి, రాత్రికొకటి, పగటికొకటి.

పీఈటీ మాస్టార్లకూ అదే జత. బడి ఆడపిల్లల ఖోఖో, కబడ్డీ ఫోటోలు గ్రూపుల్లో పెట్టేముందు వాళ్ళ ఇంట్లోవాళ్ళను ఒక మాట అడగండి. ఆటలో పట్టుకునేటప్పుడు బట్టలు చెదిరిన ఫోటో ఎంత బాగా వచ్చినా తీసేయండి.

పెళ్ళిళ్ళు ఇప్పుడిప్పుడే పట్టుకుంటున్న స్టూడియో కుర్రాళ్ళు 17-50తో మొదలుపెట్టి 50 కలుపుకోండి. సీజన్ నిలదొక్కుకున్నాక 70-200. ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సారు) బాడీ కొనే ఆలోచన ఉంటే 17-50 మీద డబ్బు పెట్టొద్దు, అది క్రాప్ బాడీలకే చేసింది. 50, 85 రెండిట్లోనూ చాలా రకాలు అక్కడా పనికొస్తాయి.

మనుషుల మొహాలే మీకు ఇష్టమయితే ఎవరి మాటా వినకుండా 85 కొనండి.

## సెకండ్ హ్యాండులో తీసుకునేముందు

నేను ఒకచోట సెకండ్ హ్యాండు 85 తీసుకున్నాను. బయట మెరుస్తోంది, ధర తక్కువ. ఇంటికొచ్చి ఫోను టార్చి వెనక నుంచి వేసి చూస్తే లోపలి అద్దం మీద సాలెగూడు పోగుల్లా ఫంగస్. బాగుచేయించడానికి లెన్సు ధరలో సగం అడిగారు. కొనేచోటే టార్చి వేసి రెండు వైపుల నుంచీ చూడండి. అపర్చరు పూర్తిగా తెరిచి (ఎఫ్ అంకె అన్నిటికన్నా తక్కువ పెట్టి) ఒక గోడ పోస్టరును ఫోటో తీసి నాలుగు మూలలూ పెద్దవి చేసి చూడండి. ఫోకస్ పడేటప్పుడు గరగర శబ్దం వస్తే వదిలేయండి. కొన్నాక గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి ఉంచండి. తోలు సంచిలో మూసిపెడితే వానాకాలంలో ఫంగస్ పట్టేస్తుంది.

కొనేముందు పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. మీ 18-55ని 50 దగ్గర పెట్టి, జూమ్ రింగు మీద టేపు అంటించండి. ఆ సైజుతోనే పగటిపూట ఒక టోర్నమెంటు పూర్తిగా తీయండి. ఇంటికొచ్చి ఒక్కొక్క ఫోటో చూస్తూ కాగితం మీద రెండు గడులు గీసుకోండి: ఇంకొంచెం దగ్గరగా కావాల్సింది అనిపించినవి ఒకవైపు, అంతా పట్టలేదే అనిపించినవి ఇంకోవైపు. మొదటి గడి నిండితే 85 వైపు చూడండి, రెండోది నిండితే 17-50 వైపు. రెండూ సగంసగం ఉంటే పండక్కి ముందే 50 తెచ్చేసుకోండి.